బొమ్మ కార్డులతో మొదలయ్యే బడి

భవిత కేంద్రం తలుపు దాటగానే ఎడమవైపు గోడకు, పిల్లల చేతికి అందే ఎత్తులో, పొడవాటి అట్టలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో అట్టకు పైన ఒక్కో పిల్లవాడి ఫొటో. దాని కింద నిలువుగా అంటించిన బొమ్మ కార్డులు: చెప్పులు, చాప, పూసలు, పలక, అరటిపండు, ఉయ్యాల, చివర్న ఆటో. ఎనిమిదేళ్ల బాబు ఒకడు వస్తూనే చెప్పులు విడిచాడు. తన అట్ట మీద మొదటి కార్డు పీకి ‘అయిపోయింది’ అని రాసున్న డబ్బాలో వేశాడు. రెండో కార్డు చూసుకుని నేరుగా వెళ్లి చాప మీద కూర్చున్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

కోనసీమలో ఒక మండల కేంద్రం. ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఒక మూల ఈ గది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి భవిత కేంద్రాలు మండల స్థాయిలో నడుస్తున్నాయి. సహిత విద్య టీచర్లు చదువు, మాట, రోజువారీ పనులు నేర్పుతారు. ఫిజియోథెరపిస్టు వారంలో ఒక రోజు వచ్చి పోతుంటారు. మేం వెళ్లిన రోజు వచ్చిన పిల్లల్లో నలుగురికి ఆటిజం ఉంది.

గోడ మీది అట్టల వెనక పెద్ద కథే ఉంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు విన్నదాని కంటే చూసింది తొందరగా పట్టుబడుతుంది. తర్వాత ఏం జరగబోతుందో తెలియకపోతే వాళ్లకు కంగారు. ఆ కంగారే ఏడుపుగానో, పరుగుగానో బయటపడుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షోప్లర్ ఈ రెండు సంగతులనూ ఆధారం చేసుకుని బోధన పద్ధతిని తీర్చిదిద్దారు. 1972లో ఆ రాష్ట్రమంతటా మొదలైన ‘టీచ్’ కార్యక్రమం అదే. చదువుకొక చోటు, ఆటకొక చోటు, రోజంతటికీ బొమ్మల టైంటేబులు, ఏ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి కనబడే ఏర్పాటు. ఇక్కడ దానికైన సరంజామా అట్టలు, లామినేషన్ చేసిన ఫొటోలు, అంటుకునే పట్టీ ముక్కలు. అంతే.

టైంటేబులు తప్పే రోజులకూ ఒక కార్డుంది, పసుపు రంగులో. ఆ రోజు ఫిజియోథెరపిస్టు అనుకోకుండా పొద్దున్నే వచ్చారు. టీచరు ముందుగా బాబు దగ్గర కూర్చుని, పూసల కార్డు తీసి పసుపు కార్డు పెట్టి, దాని పక్కన వ్యాయామం బొమ్మ అంటించారు. బాబు కాసేపు చేతులు ఆడించాడు, రెండుసార్లు కార్డును తడిమాడు, లేచి వెళ్లాడు. “నిరుడు ఇదే జరిగితే మధ్యాహ్నం దాకా ఏడ్చాడండి” అన్నారావిడ.

గదికి అవతలి కొసన ఇంకో పాఠం నడుస్తోంది. ఇంకా మాటలు రాని ఐదేళ్ల పాప ఎదురుగా టీచరు వేరుశనగ చిక్కీ పట్టుకుని కూర్చున్నారు. పాప వెనకాల ఆయమ్మ. పాప చెయ్యి చిక్కీ వైపు చాచగానే ఆయమ్మ నోరు మెదపకుండా ఆ చేతిని చిక్కీ బొమ్మ ఉన్న కార్డు మీదికి మళ్లించి, కార్డు తీసి టీచరు అరచేతిలో పెట్టేలా చేసింది. “చిక్కీ!” అంటూ టీచరు వెంటనే ముక్క అందించారు. ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు 1985లో అమెరికాలోని డెలావేర్‌లో మొదలుపెట్టిన ‘పెక్స్’ పద్ధతి ఇది. మొత్తం ఆరు దశలు. మొదటి దశలో “ఏం కావాలి?” అని అడగకూడదు. అలా అడిగితే, ఎవరో అడిగినప్పుడే కార్డు ఇవ్వాలని పిల్ల నేర్చుకుంటుంది. తనంతట తాను వచ్చి అడగడం అలవాటు కావాలన్నది ఇందులో అసలు ఉద్దేశం. కార్డులు అలవాటైతే మాటలు రావేమోనని తల్లిదండ్రులకు భయం. మాటకు ఇవి అడ్డు కావని పరిశోధనలు చెబుతున్నాయి. కొందరు పిల్లలు కార్డు ఇస్తూ ఇస్తూనే మాట కలుపుతారు.

ఎనిమిదేళ్ల బాబు వాళ్లమ్మ వరండాలో కూర్చుని ఉంది. “వస పోశామండి, తాయెత్తు కట్టించాం. వాళ్ల తాతగారికీ నాలుగేళ్లకి గానీ మాట రాలేదంట, వీడూ అంతేలే అన్నారు ఇంట్లో. అలా మూడేళ్లు పోయినియ్” అంది. తర్వాత పరీక్ష చేయించి, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆటిజాన్ని లెక్కగట్టేందుకు మన దేశంలో వాడే ‘ఇసా’ కొలమానం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో రూపొందింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు.

పదకొండింటికి బాబు పక్క భవనంలోని మూడో తరగతికి వెళ్లాడు. అసలు పరీక్ష అక్కడే. ఆ తరగతి టీచరు చేసిన మార్పులు చిన్నవే. కిటికీకి దూరంగా ముందు బల్లలో చోటిచ్చారు. “పుస్తకాలు తీయండి” అని అందరితో అన్నాక, వాడి పేరు పిలిచి వాడికి మళ్లీ చెబుతారు. ఒక్కసారికి ఒక్క పనే. కూడికలు చింతపిక్కలతో. మధ్యాహ్న భోజనం గంటకు ముందే చేతులు కడుక్కోవడానికి పంపేస్తారు. కంచాల మోత వాడు భరించలేడు. పక్కన కూర్చునే పిల్లాడికి వాడి కార్డులన్నీ కంఠతా వచ్చు.

అన్ని బడుల్లో ఇలా లేదు. చట్టం లేక కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ఆటిజంతో కలిపి 21 వైకల్యాలను అది గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కు చేసింది. ప్రభుత్వ బడైనా, గుర్తింపు పొందిన ప్రైవేటు బడైనా వివక్ష చూపకుండా చేర్చుకోవాలి. సాధారణ బడుల్లో ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్ర ప్రభుత్వం లెక్క కట్టింది. ఆ లెక్కన పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ కేంద్రంలోని టీచర్లు మాత్రం పొద్దున ఇక్కడ పాఠం చెప్పి, ఊళ్లలోని బడులకు తిరిగి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకూ వెళ్లి రావాలి. కార్డులకయ్యే ఖర్చు వందల్లోనే. కొరతంతా వాటిని వాడడం తెలిసిన మనుషులది. ఒక బడిలో మూడో తరగతి టీచరుకు ఓపికుండి, వచ్చే ఏడు నాలుగో తరగతి టీచరుకు లేకపోతే బాబు మళ్లీ మొదటికొస్తాడు. పోస్టులు నింపడంతో పాటు మామూలు టీచర్లకూ ఈ పద్ధతుల్లో శిక్షణ ఇవ్వాల్సిందే.

పిల్లలకు ఏడాదిన్నర వచ్చినా పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావలసినది వేలితో చూపకపోయినా వసకొమ్ముతో సరిపెట్టుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. బడి ఈడు వచ్చినవారైతే మీ మండల విద్యాశాఖాధికారి కార్యాలయానికి వెళ్లి భవిత కేంద్రం ఎక్కడుందో అడగండి. చేర్చుకోవడానికి ఫీజు లేదు.