మన వాగేరా తమ్ముడూ!

మా ఊరి వాగుకి పేరు లేదు. అందరం 'వాగు' అనే అంటాం. మైలవరం వైపు గుట్టల్లో పుట్టి, మామిడి తోటల మధ్యగా వచ్చి, మా చెరువు అలుగు నీళ్లని కలుపుకుని బుడమేరులో పడుతుంది. వానాకాలం దాటితే మోకాలు కూడా తడవదు. ఎండాకాలం అక్కా నేనూ అందులో చెలమలు తీసి బిందెలతో నీళ్లు మోసేవాళ్లం.

ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయని అడిగితే నాన్న 'కొల్లేటికి' అనేవాడు. నిజమే. బుడమేరు బెజవాడ పక్కనుంచి తూర్పుగా పోయి కొల్లేరు చేరుతుంది. అక్కణ్నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రం. కృష్ణ అంత దగ్గర్లో ఉన్నా ఇది అందులో కలవదు. మధ్యలో కొండపల్లి కొండలు అడ్డం. కొండకి అటు పడిన చినుకు కృష్ణది, ఇటు పడింది కొల్లేటిది.

ఆ రెంటినీ కలిపింది మనుషులే. బుడమేరు ఊరిని ముంచుతోందని వెలగలేరు దగ్గర గేట్లు కట్టి, కాలువ తవ్వి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించారు. లెక్క బాగానే ఉంది. కాకపోతే కృష్ణ కూడా అప్పుడే పొంగితే ఆ నీళ్లు ఎటు పోవాలి?

2024 ఆగస్టు 31, శనివారం. రోజంతా కుండపోత. సాయంత్రం గొడుగేసుకుని కల్వర్టు దాకా పోయాను. ఎర్రటి నీళ్లు, కొట్టుకొస్తున్న కొమ్మలు. 'చెరువు నిండింది, ఈసారి వరికి ఢోకా లేదు' అని పక్కనున్నాయనతో సంబరంగా అన్నాను కూడా. ఆ నీళ్ల దారిలోనే, సింగ్ నగర్లో, అక్క ఉందన్న సంగతి తట్టనే లేదు. ఒక్క ఫోన్ చేసి ఉంటే... ఇప్పటికీ అదే పీకుతుంటుంది.

తెల్లారేసరికి సింగ్ నగర్ మునిగింది. వెలగలేరు గేట్లు ఎత్తారు, కాలువ ఎడమ గట్టుకి గండ్లు పడ్డాయి. మర్నాడు బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైనే ప్రవాహం. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. అక్కా బావా రెండు రాత్రులు మేడ మీదే ఉన్నారు. మూడో రోజు ఫోన్ కలిసింది.

"మన వాగేరా తమ్ముడూ! ఆ బురద వాసన నాకు తెలీదా?" అంది. నవ్విందో ఏడ్చిందో అర్థం కాలేదు.

ఏటి పక్కన ఇల్లు కొన్నందుకు బావని అందరూ తప్పుపట్టారు. నేను మాత్రం నోరెత్తలేదు. మా చేను గట్టుని వాగులోకి రెండు గజాలు జరిపింది నేనే. ఒడ్డున తుంగా ఈత చెట్లూ అడ్డమని కొట్టించిందీ నేనే. మా ఊళ్లో వాగు పక్క చేలున్న వాళ్లం అందరం తలా కాస్తా జరిపినవాళ్లమే. వెడల్పు తగ్గిన వాగు నీళ్లని నెమ్మదిగా ఎందుకు వదుల్తుంది? పోయిన వేసవిలో గట్టు వెనక్కి జరిపాను. పక్క చేను వాళ్లు నవ్వారు. నవ్వనీ.

ఇప్పుడు మబ్బు పడితే చాలు, అక్క ఫోన్ చేస్తుంది. "కల్వర్టు కింద మనం బట్టలుతికే బండ కనిపిస్తోందా?" అని. వెళ్లి చూసి చెబుతాను. కనిపించడం లేదంటే బావ ఫ్రిజ్జుని మంచం మీదకి ఎక్కిస్తాడు.