అన్న నెంబరు

ముప్పై అయిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. నాకు తెలియని లెక్క లేదని మా నల్లమాడలో కొందరు అనుకునేవారు. పైకి అనకపోయినా, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ గర్వం ఎక్కడ దిగిందో చెప్పాలంటే ముందు అమెరికా ఫుట్‌బాల్ సంగతి చెప్పాలి.

2023 ఆగస్టులో మా తమ్ముడి కొడుకు టిక్కెట్లు పంపి, నన్నూ మా ఇంటిదాన్నీ న్యూజెర్సీకి పిలిపించుకున్నాడు. వాడి కాపురం ఎడిసన్ అనే ఊళ్ళో. అక్కడ తెలుగు మాటకు కరువు లేదు, చింతపండుకు కరువు లేదు, ఆఖరికి శనక్కాయలకు కూడా కరువు లేదు. కరువల్లా పొద్దు గడవడానికే. నా అవస్థ చూసి వాడు టీవీ ముందు కూర్చోబెట్టి ఫుట్‌బాల్ చూపించాడు.

పేరు ఫుట్‌బాలే గాని అందులో కాలికి పని బహు తక్కువ. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ పట్టి లాగినట్టు ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకొని పరిగెత్తుతారు. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి ఎదుటివాళ్ళ పరం. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు.

"మన చెడుగుడే గదరా! కూత లేదు, నెత్తిన టోపీ ఉంది. అంతే గదా తేడా?" అన్నాను.

వాడు నవ్వి, "ఇంకా చాలా ఉంది, పెద్దనాయనా!" అన్నాడు.

ఉన్నమాటే. ఆటకంటె నాకు చిత్రమనిపించింది ఆటకు ముందు వచ్చే వార్తలు. ఏ ఆటగాడికి మోకాలు నొప్పి, ఎవరికి భుజం పట్టింది, ఎవరు ఆడడం అనుమానం అని ప్రతి జట్టూ వారం వారం పట్టిక ప్రకటించాలట. ఆ రోజు గాలి ఎటు వీస్తుందో, వాన పడుతుందో కూడా చెబుతారు. మావాడు ఆఫీసు పని మధ్యలో కూడా ఆ వార్తలు చదివేవాడు. మా నాయన పంచాంగం చూసినంత శ్రద్ధగా చూసేవాడు. ఆహా, ఆటగాళ్ళ మీద ఎంత అభిమానం అని మురిసిపోయాను. మోకాలు చిప్ప ఒకరిదైతే, దాని మీద కట్టిన డబ్బు మరొకరిదని నాకప్పటికి తెలియదు.

సెప్టెంబరు 11, సోమవారం రాత్రి. న్యూయార్క్ జెట్స్ అనే జట్టుకు ఆ యేటి మొదటి ఆట. పేరు న్యూయార్కుదే గాని వాళ్ళ మైదానం ఉన్నది న్యూజెర్సీలో. 1969 జనవరి తరువాత ఆ జట్టు మళ్ళీ ఛాంపియన్ కాలేదు. ఈసారి ఆరన్ రాడ్జర్స్ అనే పేరుమోసిన ఆటగాణ్ణి వేరే జట్టునుంచి తెచ్చుకున్నారు. ఊరంతా పెళ్ళివారిల్లులా ఉంది. మావాడు పచ్చచొక్కా తొడుక్కొని సోఫా అంచున కూర్చున్నాడు.

ఆట మొదలై నాలుగు నిముషాలైనా కాలేదు. రాడ్జర్స్ ఆడింది నాలుగే ఎత్తులు. నాలుగోదాంట్లో కిందపడ్డాడు. లేచాడు, మళ్ళీ కూర్చుండిపోయాడు. మడమ వెనుక నరం తెగిందని మర్నాడు తేలింది. ఆ యేడు అతడు మళ్ళీ ఆడనే లేదు.

విచిత్రమేమిటంటే ఆ రాత్రి జెట్సే గెలిచారు. అదనపు సమయం దాకా పోయి 22–16తో గెలిచారు. మైదానంలో జనం ఎగిరి గంతులేస్తున్నారు. మావాడు మాత్రం ఫోను వంక చూస్తూ శిలలా కూర్చున్నాడు. కింది పెదవి పళ్ళకింద నొక్కిపెట్టి, ఎడమచేత్తో మెడ రాసుకుంటున్నాడు.

నా గుండె జల్లుమంది. ఆ కూర్చోవడం నేను చూసిందే. ముప్పై యేళ్ళ కిందట నల్లమాడలో, మా ఇంటి అరుగు మీద, వాడి నాయన అచ్చం అలాగే కూర్చునేవాడు.

"ఎంత కట్టినావురా?" అని అడిగాను.

వాడు ఉలిక్కిపడ్డాడు. భార్య పడుకున్న గది వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పాడు. జెట్స్ ఆ యేడు ఛాంపియన్లవుతారని జూలైలోనే 500 డాలర్లు కట్టాడట. అది ఒక్కటే కాదు. వారం వారం చిల్లరగా కట్టినవి కలిపితే యేడాదిలో ఆరువేల డాలర్లు పోయాయట. ఆ పిల్లకు తెలియదు.

"ఇది మట్కా కాదు, పెద్దనాయనా! ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. పైగా ఇందులో తెలివి ఉంది. వార్తలు చదవాలి, లెక్కలు వెయ్యాలి" అన్నాడు.

చట్టం మాట నిజమే. 1992 నాటి చట్టమొకటి అమెరికాలో చాలా రాష్ట్రాలను ఆటల మీద పందేలకు అనుమతి ఇవ్వకుండా ఆపింది. న్యూజెర్సీ దానిమీద వ్యాజ్యం నడిపి, 2018 మే నెలలో అక్కడి సుప్రీంకోర్టులో గెలిచింది. మరుసటి నెలలోనే పందేల దుకాణాలు తెరుచుకున్నాయి. ఆపైన అవి ఫోనులోకి వచ్చాయి. తెలివి మాట కూడా కొత్తది కాదు. రమ్మీలో అదృష్టం కంటె నైపుణ్యమే ఎక్కువని మన సుప్రీంకోర్టు 1967లో, మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే అన్నది. పేకాట రాయుళ్ళందరికీ ఆ తీర్పు కంఠతా వచ్చు.

"ఏదీ, ఆ లెక్క నాకూ చూపించు" అన్నాను.

చూపించాడు. రెండు జట్లలో ఒకటి బలమైనది, ఒకటి బలహీనమైనది అయితే పందెం ఎవరు కడతారు? అందుకని బలహీనమైన జట్టుకు ముందే కొన్ని పాయింట్లు కలిపి త్రాసు సమం చేస్తారు. 1969లో జెట్స్ గెలిచిన ఆ పెద్ద ఆటలో, ఎదుటి జట్టు సుమారు 18 పాయింట్ల తేడాతో గెలుస్తుందని పందెంరాయుళ్ళ అంచనా. జెట్స్ 16–7తో గెలిచి ఆ అంచనాను నేలకు కొట్టారు. ఈ పాయింట్ల ఉపాయం 1940ల ప్రాంతంలో షికాగోలో చార్లెస్ మెక్‌నీల్ అనే ఆయన పుణ్యమని చెబుతారు. పందేలలోకి రాకముందు ఆయన వృత్తి ఏమిటో తెలుసా? బడిలో లెక్కల మాస్టరు! ఆ సంగతి తరువాత ఎక్కడో చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఎందుకు సిగ్గో ముందు చెబుతాను.

త్రాసు సమమైంది గదా, ఇక గెలుపోటములు సగం సగం అనుకుంటాం. కాని ఫోనులో జట్టు పేరు పక్కన మైనస్ 110 అని ఉంటుంది. అంటే వంద గెలవాలంటే 110 కట్టాలి. అటు ఒకడు 110, ఇటు ఒకడు 110 కట్టారనుకోండి. దుకాణానికి 220 వచ్చాయి. గెలిచినవాడికి అసలు, లాభం కలిపి 210 ఇస్తారు. 10 మిగిలింది. ఎవరు గెలవనీ, ఎవరి మోకాలు విరగనీ, ఆ 10 మాత్రం దుకాణానిది. కట్టినవాడికి తన డబ్బు తనకు దక్కాలన్నా నూటికి 52 సార్లకు పైగా గెలవాలి.

కవరు వెనుక ఇదంతా వేసి చూపిస్తే వాడు చూశాడు. వాడు ఇంజనీరు. నాకంటె ముందే అర్థమైంది. "తెలుసు, పెద్దనాయనా" అన్నాడు.

తెలుసు! ఆ మాట కూడా నేను విన్నదే. లెక్క తెలియక చెడిపోయినవాళ్ళు తక్కువ. ఇంక దాచి లాభం లేదనిపించి, ముప్పై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆ రాత్రి వాడికి చెప్పాను.

మా రోజుల్లో నల్లమాడ చుట్టుపక్కల మట్కా జోరుగా ఉండేది. దాని పుట్టినిల్లు ఎక్కడనుకున్నారు? ఒకప్పుడు న్యూయార్కు పత్తి బజారు ధరలు తంతి మీద బొంబాయికి వచ్చేవి. ఆ ధరల అంకెల మీద బొంబాయివాళ్ళు పందెం కాసేవారు. 1960ల తొలినాళ్ళలో ఆ ధరలు రావడం ఆగిపోతే, చీటీలు కుండలో వేసి తీయడం మొదలుపెట్టారు. మట్కా అంటే కుండ. ఆ కుండలో అంకె రాత్రికి ఫోను మీద మా సీమకు చేరేది. తొమ్మిది దాటాక ఓపెన్, నడిరాత్రికి క్లోజ్. 1974 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో అది నేరమే. అయినా బంకు దగ్గర చీటీ రాసే బీటరు పేరు తెలియని ఇల్లు లేదు. అంకెను బస్సు నెంబరులో వెదికేవారు, కలలో వెదికేవారు, పత్రికలో బొమ్మ గీతల్లో వెదికేవారు. పత్రిక వచ్చేది వార్తల కోసమని మరిచిపోయినవాళ్ళను నేను అప్పుడే చూశాను.

1987లో వానలు మొగం చాటేశాయి. తమ్ముడి నాలుగెకరాల శనగ చేను ఊడలు దిగకుండానే ఎండిపోయింది. ఒకనాటి సాయంకాలం నేను బడినుంచి వస్తుంటే ఎదురై, "అన్నా, నువ్వు లెక్కల మాస్టరువు గదా! ఒగ నెంబరు చెప్పున్నా" అన్నాడు.

అప్పుడైనా నేను కూర్చోబెట్టి చెప్పవలసింది. నూరు అంకెలున్నాయి, తగిలితే రూపాయికి ఎనభయ్యే ఇస్తున్నారు, మిగతా ఇరవై ఎవరిదిరా అని అడగవలసింది. అడగలేదు. అలసిపోయి ఉన్నాను. వాడి మొగంలో నవ్వు చూసి ఎన్నాళ్ళో అయింది. సరదాకు, ఆ పూట నా తరగతిలో హాజరైన పిల్లల సంఖ్య చెప్పాను.

వాడు అయిదు రూపాయలు కట్టాడు. అంకె తగిలింది. నాలుగువందల రూపాయలు!

తెల్లవారేసరికి వాడు కదిరి పోయి మిఠాయి పొట్లాలు తెచ్చాడు. మరదలికి చీర, మూడేళ్ళ పిల్లవాడికి కొత్త చొక్కా. నాకు తువ్వాలు తెచ్చి భుజాన వేశాడు. నేను వద్దనలేదు. లోపల కాస్త గర్వపడ్డాను కూడా. అదే నా తప్పు.

ఆనాటినుంచి వాడు దాన్ని 'అన్న నెంబరు' అన్నాడు. రోజూ దానిమీదే కట్టాడు. అప్పుడు నేను లెక్క చెప్పడం మొదలుపెట్టాను. "నిన్న తగిలిన సంగతి కుండకు తెలియదురా! ఒకే అంకె మీద నూరు రోజులు వరసగా కట్టినా, ఒక్కసారీ తగలకపోయే అవకాశం నూటికి 36 పైచిలుకు ఉంది" అన్నాను. "తెలుసన్నా" అన్నాడు. "కాని నువ్వు చెప్పింది తగిలింది గదా!" అన్నాడు. నేను ముప్పై అయిదేళ్ళు చెప్పిన పాఠాలన్నీ ఒక దరి, ఆ ఒక్క సాయంకాలం ఒక దరి. వాడు నమ్మింది దాన్ని. రెండెకరాలు ముందు పోయాయి, తక్కిన రెండెకరాలు తరువాత పోయాయి. బెంగుళూరులో కాపలా పనికి పోయి, జబ్బుతో తిరిగివచ్చి, 1999లో పోయాడు. పిల్లవాణ్ణి నేను తెచ్చుకొని చదివించాను. ఊరందరూ నన్ను మెచ్చుకున్నారు. అది పుణ్యం కాదనీ, అప్పు తీర్చడమనీ నాకొక్కడికే తెలుసు.

ఇదంతా విని వాడు చాలాసేపు మాట్లాడలేదు. టీవీలో ఇంకా జెట్స్ వాళ్ళు కౌగిలించుకుంటున్నారు. వాడు ఫోను బోర్లా పెట్టాడు.

"నాయన అంత పిచ్చివాడెట్లా అయినాడా అని ఎప్పుడూ అనుకుంటా ఉంటి, పెద్దనాయనా! ఆయనకూ మొదట తగిలిందన్నమాట" అన్నాడు.

"నీకు?"

"నాకూ మొదటి వారమే తగిలింది."

మర్నాడు భార్యకు తానే చెప్పాడు. ఆ పిల్ల ఏడ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు, మూడోనాడు లెక్కల పుస్తకం తెరిచింది. న్యూజెర్సీలో ఒక మంచి ఏర్పాటుంది. నన్ను పందేల్లోకి రానివ్వవద్దని ఎవరి పేరు వాళ్ళే పట్టికలో వ్రాయించుకోవచ్చు. ఏడాదికి తక్కువ కాకుండా ఆ తలుపు మూసే ఉంటుంది. మావాడు పేరు వ్రాయించుకున్నాడు. జెట్స్ ఆ యేడు ఏడు ఆటలు గెలిచి పది ఓడిపోయారు. వాడు అన్నీ చూశాడు. కట్టడం మానిన తరువాత ఆట బాగుందట!

నేను నల్లమాడ తిరిగి వచ్చేశాను. ఇక్కడ మన ప్రభుత్వం ఆన్‌లైన్ పందేలను 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో దేశానికంతటికీ చట్టం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా సరే, నైపుణ్యమైనా అదృష్టమైనా, కూడదన్నారు. మంచిదే. కాని చట్టం దుకాణానికి తాళం వేస్తుంది గాని, మొదటిసారి తగిలినవాడి మనసుకు తాళం వెయ్యలేదు. అది ఇంట్లోవాళ్ళ పని. మా ఇంట్లో ఆ పని ముప్పై ఆరేళ్ళు ఆలస్యమైంది.

ఒక్క మాట మిగిలింది. ఆ రాత్రి పడుకోబోతూ మావాడు గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ నెంబరు ఎంత, పెద్దనాయనా?" అని అడిగాడు. ఊరికే అడిగాడేమో. కాని వాడి కళ్ళు చూసి నాకు భయం వేసింది.

"మరిచిపోయినానురా" అన్నాను.

లెక్కల మాస్టరు అంకె మరిచిపోతాడా? నా తరగతిలో ఆ పూట ఎంతమంది కూర్చున్నారో, ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో కూడా నాకు గుర్తుంది. వాడికి చెప్పలేదు. మీకూ చెప్పను.