పెరటి గొట్టం

పల్లెలో కొత్తగా ఇల్లు కట్టుకొన్న గృహస్థు చుట్టపక్కాలకు గదులన్నీ చూపుతాడు, మరుగుదొడ్డినీ చూపుతాడు. పెరటిలో సెప్టిక్ ట్యాంకు నుండి వెలువడే గొట్టాన్ని మాత్రం చూపడు. అది వీధి కాలువలో కలుస్తుంది. కాలువ చెరువును చేరుతుంది.

ట్యాంకులో మలం అడుగున పేరుకొంటుంది. పైనున్న నీరు వెలుపలికి వస్తుంది. అది తేటగా కనిపించినా రోగక్రిములు అందులో ఉండనే ఉంటాయి. కనుకనే దానిని ఇంకుడు గుంతలోకి మళ్ళించాలి. ఆ గుంతను కూడా బావికి దూరంగానే తవ్వాలి. గుంత ఖర్చు మిగిలిందని సంతోషించేవాడు ఆ ఖర్చును పొరుగువారి ఆరోగ్యం మీద వేస్తున్నాడు.

చట్టం లేక కాదు. నిర్ణీత ప్రమాణాలను మీరిన కలుషితాలను వాగులోకి గాని, బావిలోకి గాని, నేలమీదికి గాని తెలిసి వదలరాదని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం శాసిస్తున్నది. 'తెలిసి' అన్న మాటను గమనించాలి. తెలియదనడం ఎంత సులభం! గ్రామ పారిశుద్ధ్యాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి, తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టాలు పంచాయతీకి అప్పగించాయి. కాని సర్పంచిగారి ఇంటి గొట్టమూ అదే కాలువలో ఉంటే నోటీసు ఎవరు ఎవరికివ్వాలి?

రెండు గుంతల మరుగుదొడ్డికి ఈ చిక్కు లేదు. ఒకటి నిండితే మూసి, రెండవది వాడుకొంటారు. మూసినది కొంతకాలానికి ఎరువవుతుంది. వెలుపలికి గొట్టమే ఉండదు. అయినా పెద్ద ట్యాంకు కట్టించడమే గొప్పగా చెలామణి అవుతున్నది.

వేసవిలో బోరు ఎండినప్పుడు ఆ గృహస్థు ఇంటివారు బిందెలతో బయలుదేరేది చెరువు గట్టు కింది బావికే.