పాతాళమందలి పాలకొల్లు

రాజమహేంద్రవరమునుండి కాతేరు చేరుటకు ఎంతో సేపు పట్టదు. అచ్చట మేము గుడికి పోలేదు, తోటకు పోలేదు. తిన్నగా రాతిగనులకడకు పోయితిమి. "ఎండలో రాళ్లను చూచుటకా నన్ను తోడ్కొని వచ్చితివి?" అని మా అక్క కుమార్తెను అడిగితిని. ఆమె నవ్వి, "పిన్నీ, ఒక్క గడియ ఓపికపట్టుము" అనెను.

ఆమె చమురును సహజవాయువును అన్వేషించు నొక సంస్థలో భూగర్భశాస్త్రజ్ఞురాలు. నేను వచ్చినది నిజమునకు రాళ్ల కొఱకు కాదు. "దానికి రాత్రింబవళ్లు బావులకడ ఆ కాపలా యేమి? నగరములో నీడపట్టున కూర్చుండి చేయు పని ఉన్నదట. దానికి మాఱుమని నీవైనను చెప్పు" మని మా అక్క నన్ను పంపినది. ఆ మాటను కొంగున ముడివైచుకొనియే బయలుదేరితిని.

గనిలో క్రింద నల్లని రాతిపొర; దానిపై తెల్లబారిన సన్నని పొర; ఆపైన మరల నల్లని రాయి. నల్లనిది ఆఱున్నర కోట్ల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిని ముంచిన అగ్నిశిల. అది పశ్చిమమునుండి సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి గోదావరీ తీరమునకు వచ్చినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఒక ప్రవాహము చల్లారిన పిమ్మట ఇచ్చట సముద్రపునీరు నిలిచెను. అందు నత్తలు, ఆలిచిప్పలు బ్రదికెను. మరల అగ్నిప్రవాహము వచ్చి వానిని కప్పెను. మా అమ్మాయి ఆ తెల్లని పొరనుండి రాలిపడిన గుల్లనొకదానిని ఏరి నా చేతిలో నుంచెను. అంతవఱకు నాకు ఎండ తెలిసినది. ఆ తరువాత తెలియలేదు.

ఈ గనులను పరీక్షించిన వారిలో గెర్టా కెల్లర్ అను విదుషీమణి గలదు. ఆమె 1945లో లీక్టెన్‌స్టైన్ అను చిన్న దేశమున జన్మించి, స్విట్జర్లాండులో పాడిపశువులతో జీవించు కుటుంబమున పన్నెండుగురు బిడ్డలలో నొకతెగా పెరిగి, చిన్ననాట కుట్టుపని నేర్చుకొనెను. పిదప అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యురాలాయెను. ఆవగింజకన్న చిన్నవగు సముద్రజీవుల గుల్లలను సూక్ష్మదర్శినితో చూచి పొర వయస్సు చెప్పుట ఆమె విద్య. ఈ అగ్నిశిలల నడిమి గుల్లలనుబట్టి, రాక్షసబల్లుల నాశనమునకు ఆ అగ్నిప్రవాహములే ముఖ్యకారణమని ఆమె వాదించెను. ఉల్కాపాతమే కారణమను వారితో ఆ వాదము నేటికిని తెగలేదు. కుట్టుపని నేర్చిన చేతికి అంత సూక్ష్మమైన పని అలవడుటలో వింత లేదని నాకు తోచినది. చమురు సంస్థలలోను ఈ విద్య గలవారు ఉందురు. బావినుండి వచ్చిన చిటికెడు మట్టిని చూచి, "ఇది ఫలాని కాలపు పొర" యని చెప్పుట వారి వంతు.

కాతేరు విడిచి, గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా పాలకొల్లు త్రోవ పట్టితిమి. పాలకొల్లు నా పుట్టిల్లు. కారులో అమ్మాయి చెప్పిన దానికి నేను మొదట నవ్వితిని. కాతేరున కంటియెదుట నున్న ఆ నల్లని పొరయే సముద్రమువైపు పోనుపోను క్రిందికి దిగి, నరసాపురము, రాజోలు ప్రాంతములందు రెండు మూడు కిలోమీటర్ల లోతున నుండునట. అచ్చట దాని పేరు రాజోలు శిల. దానిమీది బురదరాతికి పాలకొల్లు అని పేరు. ఆపైని పొరకు పాశర్లపూడి అని పేరు. ఇంకను లోతున తిరుపతి ఇసుకరాయి, రాఘవాపురము బురదరాయి గలవు. తిరుపతి యనగా మన ద్వారకాతిరుమల, చిన్నతిరుపతి. భీమనపల్లి, మండపేట, వడపఱ్ఱు, మత్స్యపురి, నరసాపురము — మనకు పెండ్లిసంబంధములు కలిసిన ఊళ్లన్నియు పాతాళమున మఱియొకసారి వరుసగా పేర్చబడియున్నవి. "అయితే నా పుట్టిల్లు క్రింద ఇంకొక పుట్టిల్లు ఉన్నదన్నమాట" అంటిని. "నేను ప్రతిదినము పోవునది ఆ పాలకొల్లునకే పిన్నీ" అనెను.

అంత లోతున ఏమున్నదో పైనుండి తెలియుట ఎట్లు? కుమ్మరివద్ద కుండ కొనునపుడు వ్రేలితో తట్టి వినమా? ఆ విధముననే భూమిలో చిన్న ప్రేలుడు కలిగించి, పొరలకు తాకి మరలివచ్చు ధ్వనిని వందలకొలది శ్రోత్రయంత్రములతో పట్టుదురు. ఆ పని భూభౌతిక శాస్త్రజ్ఞులది. వారు గీసిన పటమును చూచి, వాయువు ఎచ్చట నిలిచియుండునో భూగర్భశాస్త్రజ్ఞులు ఊహింతురు. పూర్వకాలపు సముద్రజీవుల కళేబరములు బురదలో కూరుకొని, లోతునగల వేడికి యుగయుగములు ఉడికి చమురుగను వాయువుగను మాఱును. అవి పైకి ప్రాకుచు, ఆవిరికుడుముల పాత్రలో ఆవిరి మూతకు తగిలి ఆగినట్లు, నీరు చొరని బురదరాతి క్రింద ఇసుకరాతి రంధ్రములలో ఆగును. ఆ మూత యెచ్చటనైన బీటవాఱినచో ఏమియు మిగులదు. ఈ ప్రాంతమున 1978లో నరసాపురముకడ మొదటి బావి త్రవ్విరి; 1983లో రాజోలు మొదటి బావిలో వాయువు లభించెను. కాని అన్వేషణకై త్రవ్విన బావులలో ఎండుబావులే ఎక్కువ. అమ్మాయి పనిచేసిన మొదటిది ఎండుబావియే. వాయువు పడినచో నివేదిక రెండు దినములలో ముగియునట. ఎండుబావికి నెలలు పట్టినదట, ఎచ్చట పొరబడితిమో వ్రాయవలెను గదా!

చించినాడ వంతెనమీద వసిష్ఠను దాటి కోనసీమలో అడుగిడితిమి. కొబ్బరితోటల నడుమ దూరమున ఇనుప గోపురము కనబడెను. లోనికి పరులను రానీయరు. కంచె వెలుపల టీ బడ్డీకడ కూర్చుంటిమి. లోన జరుగునది ఆమె నోటనే వింటిని. బరమా తొలుచుచుండగా బురదనీరు లోనికి పోయి రాతితునకలను పైకి తెచ్చును. వానిని బియ్యము కడిగినట్లు కడిగి, సూక్ష్మదర్శిని క్రింద చూచి, అతినీలలోహిత దీపము క్రింద మెఱయునేమో పరీక్షింపవలెను. చమురు తగిలిన తునక మెఱయును. అంత లోతునుండి తునక పైకి వచ్చుటకు గంటకు మించి పట్టవచ్చును గనుక, చేతిలోనిది ఎప్పటిదో లెక్కవేసికొనవలెను. ఈ పని రాత్రియని ఆగదు. పదునాలుగు దినములు బావికడ, పదునాలుగు దినములు ఇంట.

ఇందొక సంగతి మన సోదరీమణులు తెలిసికొనదగినది. 1952 నాటి గనుల చట్టము ప్రకారము చమురుబావియు గనియే. ఆ చట్టము సాయంకాలము 7 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు స్త్రీలను గనులలో పనికి నిషేధించెను. స్త్రీల క్షేమమునకే చేసిరి, కాదనను. అయినను ఎం.ఎస్సీ. చదివి, పోటీపరీక్షలో నెగ్గి వచ్చిన భూగర్భశాస్త్రజ్ఞురాండ్రు ఆ చట్టముచేత కార్యాలయములకు, ప్రయోగశాలలకు పరిమితులైరి. 2019లో ప్రభుత్వము దానిని సడలించెను: స్త్రీ వ్రాతపూర్వకముగా సమ్మతింపవలెను, ఒక్కొక్క వంతులో ముగ్గురికి తక్కువ కాకుండ ఉండవలెను. 2023లో సుష్మా రావత్ అను భూగర్భశాస్త్రజ్ఞురాలు ఓ.ఎన్.జి.సి.లో అన్వేషణ విభాగపు డైరెక్టరు పదవిని స్వీకరించెను.

ఇంత విన్నను మా అక్క భయము నాకు తెలియనిది కాదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావి బ్రద్దలై మంటలు లేచినపుడు 65 దినములవఱకు ఆఱలేదు. పాలకొల్లులో మా డాబామీద నిలుచుండి ఎఱ్ఱబాఱిన ఆకాశమును చూచినవారము మేమిద్దరము. 2014 జూన్ 27న నగరము గ్రామమున గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. బడ్డీ యజమానురాలు టీ ఇచ్చుచు, "ఆ శబ్దము వినవచ్చినంతసేపు మాకు నిద్రపట్టదమ్మా, శబ్దము ఆగినను నిద్రపట్టదు, ఎందుకాగినదో యని" అనెను. ఆమె మాటకు మా అమ్మాయి బదులు చెప్పలేదు.

కొంతసేపటికి మెల్లగా నాతో అనెను: "పిన్నీ, లోపలి ఒత్తిడి పెరుగునపుడు రాతితునకల రూపు మాఱును. మామూలు తునకలకు బదులు పొడవైన కోసులుగల పెచ్చులు వచ్చును. బురదలో వాయువు పాలు హెచ్చును. అది మొదట చూడవలసినది నేనే. చూచి, ఆపుడని చెప్పవలసినదియు నేనే. అమ్మ నన్ను ఎక్కడ కూర్చుండుమనుచున్నది?"

నేను కొంగుముడిని విప్పలేదు.

ఏడు గంటలకు ఆమె వంతు. మఱి యిద్దరు యువతులు గేటుకడ ఆమెకై నిలిచియుండిరి. ముగ్గురును తలకు గట్టిటోపీలు పెట్టుకొని లోనికి పోయిరి. గోపురముమీద దీపములు వెలిగినవి. కారెక్కుచుండగా మా అక్క ఫోను చేసెను.

"అమ్మాయి యేదీ?"

"పనిలోనికి పోయినది."

"నేను చెప్పుమన్నది చెప్పితివా?"

"నాకొక గుల్ల ఇచ్చినది అక్కా. రేపు వచ్చి చూపెదను" అంటిని.