పాసుపుస్తకము ప్రక్కన పది కోడ్‌లు

ఫోను పంటకాలువలో జారిపోతే పాత నంబరుతోనే కొత్త సిమ్ము దొరుకుతుంది. అయితే గూగుల్ అథెంటికేటర్‌లో 30 సెకండ్లకొకసారి మారే అంకెలు ఆ నంబరుకు రావు. మా సంఘములో ఒక తల్లికి, గల్ఫులో చనిపోయిన కుమారుని ఫోటోలన్నీ అలాగే లోపల ఉండిపోయాయి. ఆ ఖాతా అమర్చి ఇచ్చినది అతడే. అందుకే మేము ఇంటింటా చెప్పుచున్నాము: గూగుల్ ఖాతాకు 8 అంకెల బ్యాకప్ కోడ్‌లు 10 ముందుగానే తీసుకోవచ్చును. కాగితం మీద వ్రాసి, పొలం పాసుపుస్తకముతోపాటు ట్రంకుపెట్టెలో పెట్టండి. ఫోను కవరులో మాత్రం వద్దు (చాలామంది అక్కడే దాస్తారు!). ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది గనుక వాడినది కొట్టివేయండి. కొత్తవి తీసుకొంటే పాతవి చెల్లవు. బ్యాంకు పేరు చెప్పి ఎవరు అడిగినా చదివి వినిపించవద్దు.