సున్నా వస్తే క్షేమం

సర్వర్ల యోగక్షేమాలు కనిపెట్టి ఉండడం మా అబ్బాయి ఉద్యోగం. పండుగకు ఇంటికి వచ్చినా ఆ పని తప్పలేదు. ఒక రాత్రి నిద్రపట్టక నేనూ అతని పక్కన కూర్చుని ఆ తెరను చూశాను.

ఆ సాఫ్ట్‌వేరు పేరు నాగియోస్. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ దీనిని నెట్‌సెయింట్ అన్న పేరుతో వెలువరించాడు. 2002లో ఇప్పటి పేరు వచ్చింది. నిర్ణీత వ్యవధిలో ఒక్కొక్క సర్వరునూ పలకరించి, వచ్చిన సమాధానాన్ని వరుసగా చూపడం దీని పని. సమాధానం సున్నా అయితే క్షేమం, ఒకటి హెచ్చరిక, రెండు ప్రమాదం, మూడు 'తెలియదు'. క్షేమమైతే పచ్చరంగు, ప్రమాదమైతే ఎరుపు. 30 ఏళ్ళు మార్కులు వేసిన నాకు సున్నాకు దక్కిన ఈ గౌరవం వింతగా తోచింది.

ఇంతలో ఒక వరుస ఎర్రబడింది. నేను కంగారుపడ్డాను.

"ఉండండి నాన్నగారూ, ఇంకో మూడుసార్లు అడుగుతుంది. అప్పటికీ పలకకపోతేనే నాకు కబురంపుతుంది" అన్నాడు.

రెండవమారుకే ఆ వరుస పచ్చబడింది.

నా మనసు మాత్రం కుదుటపడలేదు. పూర్వం నా తరగతిలో వెనుక బల్లమీద కూర్చునే ఒక పిల్లవాడు పేరు పిలిస్తే వెంటనే పలికేవాడు కాడు. ఎన్నిసార్లు గైర్హాజరు వేశానో! వాడికి వినికిడి తక్కువని నాకు తెలిసేసరికి బడి మానేశాడు.

నా హాజరుపట్టీలో ఉన్నవి రెండే గుర్తులు. 'తెలియదు' అనడానికి అందులో చోటు లేదు. మరొక్కసారి పిలవాలన్న నియమమూ లేదు. అందుకు నియమం కావాలా అని ఎవరైనా అడిగితే, నావద్ద సమాధానం లేదు.