అనుభవజ్ఞులకు పాఠం

తెలుగు చెప్పుకునేవాడికి కంప్యూటర్ ల్యాబులో ఏం పని అని అడగవచ్చు. 2023 వేసవిలో మా కళాశాల ల్యాబును ఒక చిన్న కంపెనీ ఆదివారాల్లో శిక్షణకోసం అద్దెకు తీసుకున్నది. తాళంచెవుల బాధ్యత నా మెడకు చుట్టుకున్నది. అంచేత మూడు ఆదివారాలు వెనకబెంచీ మీద కూచుని, నాకు రాని విద్యలో పాఠాలు విన్నాను.

వచ్చినవాళ్ళు విద్యార్థులు కారు. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళుగా ప్రోగ్రాములు రాసి సంసారాలు ఈదుతున్నవాళ్ళు. వాళ్ళు రోజూ వాడే విజువల్ స్టూడియోకు మైక్రోసాఫ్టువారు 2021 నవంబరులో కొత్త రూపం తెచ్చారు. దానిపేరు విజువల్ స్టూడియో 2022. అందులోని విశేషాలు చెప్పడానికి వచ్చిన కుర్రవాడికి ముప్పై నిండలేదు. తెలివైనవాడే. కాని మొదటిరోజు విశేషాలన్నీ వరసగా ఏకరువు పెట్టాడు. పాతది 32 బిట్లది గనక 4 జీబీకి మించి మెమొరీ అందుకోలేదట. కొత్తది 64 బిట్లది, ఎంత పెద్ద పని తెరిచినా ఆయాసపడదట. ‘హాట్ రీలోడ్’ అనేది ఉందట, ప్రోగ్రాం నడుస్తూ ఉండగానే కోడు దిద్దవచ్చునట.

ముందువరసలో యాభై దాటిన ఒకాయన నవ్వాడు.

“బాబూ, నడిచే ప్రోగ్రామును మధ్యలో ఆపి, దిద్ది, మళ్ళీ అక్కణ్ణించే నడిపించడం 1998లో విజువల్ బేసిక్ 6లోనే మాకు ఉండేది. 2002లో డాట్‌నెట్ తెచ్చి అది తీసేశారు. 2005లో తిరిగి ఇచ్చారు. ఇప్పుడు కొత్తపేరు పెట్టారా?”

అందరూ నవ్వారు. కుర్రవాడి మొహం చిన్నబోయింది. నిజానికి రెండూ ఒకటి కావు. పాతపద్ధతిలో ప్రోగ్రామును ఆపితేగాని దిద్దడం కుదరదు, కొత్తదానిలో ఆపనక్కరలేదు. ఆ ఒక్కమాట చెబితే సరిపోయేది. కాని చెప్పాలంటే పాతది తెలిసి ఉండాలి. పునశ్చరణ తరగతుల్లో నాకు గురులఘువుల దగ్గర్నించి మొదలుపెట్టినవారిమీద నాకు ఎంత ఒళ్ళుమండిందో అప్పుడు గుర్తొచ్చింది. ఏమీ తెలియనివాడికి చెప్పడం సులువు. తెలిసినవాడి చేతివేళ్ళలో ఇరవయ్యేళ్ళ అలవాటు ఉంటుంది. దాన్ని ఎక్కడ ఉంచుకోవాలో, ఎక్కడ వదులుకోవాలో అతనికి చెప్పాలి. దానికి గురువు ముందు శిష్యుడి పని చూడాలి.

కుర్రవాడు ఈ సంగతి గ్రహించాడు. అతన్ని మెచ్చుకోవాలి. రెండో ఆదివారం బొమ్మలు పక్కనపెట్టి, “సార్, మీ పాత ప్రోగ్రాములే తెరవండి, మీకు చిరాకు పుట్టించేది చూపించండి” అన్నాడు. ఆ రోజు భోజనానికి లేవమన్నా ఎవరూ లేవలేదు.

అసలు చిక్కు మూడోవారం వచ్చింది. ఒక వాక్యం మొదలుపెడితే, తక్కినది యంత్రమే బూడిదరంగు అక్షరాల్లో చూపిస్తుంది. ట్యాబ్ నొక్కితే అది మనదైపోతుంది. పెద్దాయన నొక్కలేదు.

“తప్పు వస్తే ఎవరి పేరు రాస్తారు, బాబూ?”

“మీదే సార్.”

“మరి నేను రాయందానికి నేనెందుకు సంతకం పెట్టాలి?”

దీన్ని ముసలితనపు మొండితనం అనుకుంటే పొరపాటు. ప్రశ్న పనిముట్టును గురించి కాదు, పనిని గురించి. కుర్రవాడు వాదించకుండా, దాన్ని ఎక్కడ ఆపుకోవాలో చూపించాడు. ఆయన ఆపేశాడు. గంట తర్వాత చూస్తే, మళ్ళీ పెట్టుకుని, ఒక్కొక్క వాక్యం చదివి, కొన్ని ఉంచి, కొన్ని చెరిపేస్తున్నాడు.

సాయంత్రం కంపెనీ మేనేజరు వచ్చాడు. “ఐతే ఇకమీద రెండురోజుల పని ఒక రోజులో అవుతుందన్నమాట!” అన్నాడు సంతోషంగా. మిగిలిన ఆ రెండోరోజు ఎవరిదో ఆయన చెప్పలేదు. వీళ్ళూ అడగలేదు. కుర్చీలు సర్దుకున్నారు.

నేను తాళం వేస్తుంటే పెద్దాయన ఆగాడు.

“మాస్టారూ, మీ తెలుగులో కూడా వాక్యాలు పూర్తిచేసే యంత్రం వచ్చిందటగా?”

వచ్చిందన్నాను.

“మీ పిల్లలు వాడుతున్నారా?”

దిద్దవలసిన వ్యాసాలకట్ట నా సంచిలోనే ఉంది. ఏవి వాళ్ళు రాసినవో, ఏవి కావో, రెండు రాత్రులుగా చూస్తున్నానని చెప్పాను.